అటక మీది పదకొండు ఫ్లాపీలు

ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. మైకు దగ్గర పెట్టి ఊపుతున్నాను, వినండి... వినిపించిందా? విసనకర్ర చప్పుడు కంటే చిన్నది, ఎండు తమలపాకు చప్పుడు కంటే పెద్దది. అయిదుంపావు అంగుళాల నలుపలకల నల్లటి తొడుగు, దాని లోపల పల్చటి గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల. ఇదే ఫ్లాపీ. చేత్తో పట్టుకుని ఊపితే వయ్యారంగా వంగుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. తర్వాత వచ్చిన మూడున్నర అంగుళాలది గట్టి పెంకులో కూర్చుంది, అది వంగదు. అయినా పేరు మాత్రం మారలేదు.

నేను లెక్కల మాస్టారుని. రిటైరై చాలా ఏళ్లయింది. మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతుంటే మా ఆవిడ అటక మీంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా దింపింది. "ఏవండీ, వీటిని పారెయ్యమంటారా, మళ్లీ ఎక్కించమంటారా?" అంది. మూత తీస్తే ఇలాంటివి పదకొండు. ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో నా రాత. 'తొమ్మిదో తరగతి, బి సెక్షను.' 'ఎక్కాలు.' 'పాడు చేయకూడదు.' చివరిదాన్ని పాడు చేసింది నేనే అయి ఉంటాను, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇవి మా బళ్లోకి ఎలా వచ్చాయో చెప్పాలి. 1984–85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టింది. బళ్లలో పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడం దాని ఉద్దేశం. ఆ పథకం కింద దేశంలోని పాఠశాలలకు మొత్తం 12 వేల కంప్యూటర్లు పంచారు. అవన్నీ ఒకే రకం: బీబీసీ మైక్రో. అవును, మీరు విన్నది నిజమే, ఆ బీబీసీయే. బ్రిటన్‌లో జనానికి కంప్యూటర్ నేర్పాలని ఆ రేడియో, టీవీ సంస్థ ఒక కార్యక్రమం తలపెట్టింది. పాఠం చెప్పడానికి ఒక యంత్రం కావాలి కదా, దాన్ని కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే కంపెనీ తయారుచేసింది. 1981 చివర్లో బయటికొచ్చింది. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీ జేబులోని ఫోన్లో ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. కీబోర్డు పైన చుక్కలతో వేసిన గుడ్లగూబ బొమ్మ ఉండేది. గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించే ఊరు మాది. మా అటెండరు మొదటి వారం ఆ గది తాళం తీయడానికే వెనకాడాడు.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములను రేడియోలో ప్రసారం చేసేవారు. ప్రోగ్రాము గురించి చెప్పడం కాదు, ప్రోగ్రామునే. నెదర్లాండ్స్ రేడియో 'బేసికోడ్' అని ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రోగ్రాములోని అక్షరాలను కీచుమనే ధ్వనులుగా మార్చి వదిలేవారు. శ్రోతలు దాన్ని క్యాసెట్ మీద పట్టుకుని తమ కంప్యూటర్‌కు వినిపించేవారు. చాలా కంపెనీల యంత్రాలు దాన్ని అర్థం చేసుకునేవి. బీబీసీ రేడియో 4లో కూడా 'ది చిప్ షాప్' అనే కార్యక్రమంలో ఇలా ప్రసారం చేశారు. దారిన పోయేవాడు వింటే రేడియో చెడిపోయిందనుకుని నెత్తిన ఒకటి కొట్టేవాడు.

సరే, ఫ్లాపీ దగ్గరికొద్దాం. లోపలి ప్లాస్టిక్ బిళ్ల మీద ఇనప తుప్పు పూత ఉంటుంది. తేలిగ్గా అనడం లేదు, నిజంగానే ఐరన్ ఆక్సైడు. అది నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. డ్రైవులోని హెడ్ అనే చిన్న ముక్క దాన్ని తాకుతూ ఉంటుంది. గ్రామఫోన్ రికార్డులో గాడి ఒక్కటే, బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. ఫ్లాపీలో అలా కాదు. రాయి వేసిన నీళ్లలో అలల్లాగా ఒకదానిలో ఒకటి విడివిడి వలయాలు. మా ఫ్లాపీల్లో 40. ఒక్కో వలయం పది ముక్కలు, వాటినే సెక్టార్లు అంటారు. ముక్కకు 256 బైట్లు. గుణించి చూసుకోండి: 1,02,400. నేనిప్పుడు చదువుతున్న ఈ ప్రసంగం పాఠాన్ని ఈనాటి యూనికోడ్ పద్ధతిలో దాచితే, తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది కాబట్టి, ఫ్లాపీలో దాదాపు మూడో వంతు నిండిపోతుంది.

పేర్ల దగ్గరా పొదుపే. ఒక ఫ్లాపీలో 31 ఫైళ్లకు మించి పట్టవు. పేరుకు ఇంగ్లీషు అక్షరాలు ఏడే. వేంకటేశ్వర్లు అని పెట్టుకుందామంటే 'వేంకటే' దగ్గర ఆగిపోతుంది. మా క్లాసులో అలాంటి వేంకటేలు నలుగురుండేవారు.

ఈ పదకొండింటినీ ఈనాటి కంప్యూటర్లోకి ఎక్కించాలన్న కోరిక పుట్టింది నాకు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పాత శిష్యుడు ఒకడు పండక్కి వచ్చి, డబ్బా చూసి కూర్చుండిపోయాడు. నేను ఉండబట్టలేక అంతకుముందే ఒక ప్రయత్నం చేశానని వాడితో చెప్పాను. పక్కింటి అబ్బాయి దగ్గర యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఉందంటే తెచ్చుకున్నాను. అయిదుంపావు అంగుళాలది అందులో పట్టదు, పట్టేది మూడున్నరే. ఆ సైజువి నా దగ్గర వేరే కంప్యూటర్‌వి రెండు ఉంటే పెట్టి చూశాను. "ఈ డిస్క్ ఫార్మాట్ కాలేదు, చేయమంటారా?" అని అడిగింది.

"మీరేమన్నారు మాస్టారూ?" అన్నాడు వాడు, గాభరాగా.

"ఏమీ అనలేదురా, పీకేశాను."

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకంటే ఆ ప్రశ్నకు అర్థం, 'ఇందులో ఏముందో నాకు తెలియడం లేదు, తుడిచేసి కొత్తగా మొదలుపెట్టనా' అని. కొత్త కంప్యూటర్‌కు చదవడం రాలేదంటే ఫ్లాపీ ఖాళీ అని కాదు. దానికి ఆ భాష రాదు, అంతే. రాకపోవడానికి కారణం ఏమిటో వాడు నాకు ఒక సాయంత్రమంతా చెప్పాడు. నేను దాన్ని నా పద్ధతిలో చెబుతాను.

కచేరీలో తాళం వేస్తున్నారనుకోండి. ప్రతి ఎనిమిది మైక్రోసెకన్లకూ ఒక దెబ్బ పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల్లో ఒక వంతు. రెండు దెబ్బలకు సరిగ్గా నడుమ ఇంకో దెబ్బ పడితే అది 'ఒకటి'. పడకపోతే 'సున్న'. అంతకన్నా ఏమీ లేదు. దెబ్బ అంటే ఏమిటి? ఆ తుప్పు పూతలో అయస్కాంతం దిశ మారే చోటు, ఇటున్న ఉత్తరం అటు తిరిగే చోటు. ఫ్లాపీ మీద సున్నలూ ఒకట్లూ రాసి ఉంటాయని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతూ వచ్చాను. తప్పు చెప్పాను. అక్కడున్నవి దెబ్బలూ, వాటి మధ్య ఎడమూ. సున్న, ఒకటి అన్నవి విన్నవాడు కట్టుకునే లెక్క. ఈ పద్ధతికి పేరేమిటో తెలుసా? ఎఫ్‌ఎం. మన ఎఫ్‌ఎం రేడియో పేరే, ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్.

ఆ తర్వాత ఇంజినీర్లకు ఒక అనుమానం వచ్చింది. మృదంగం జోరుగా మోగుతున్నప్పుడు విడిగా తాళం ఎందుకు, వినేవాడికి లయ ఎలాగూ తెలుస్తోంది కదా? చప్పుడు లేని చోట మాత్రమే తాళం వేద్దాం అనుకున్నారు. దాంతో దెబ్బలు తగ్గాయి, అదే బిళ్ల మీద రెట్టింపు సమాచారం పట్టింది. ఐబీఎం పీసీ మొదటి నుంచీ ఈ రెండో పద్ధతిదే. మా బళ్లోవి మొదటి పద్ధతివి. చాలా పీసీల్లో ఆ మొదటి పద్ధతి చదివే ఏర్పాటే లేదు. సంగీతం ఒకటే, తాళం వేరు.

మరి ఉపాయం? వాడు ఒక మాట అన్నాడు, నాకు బాగా నచ్చింది: "మాస్టారూ, ముందు దాన్ని ఏమీ అడక్కూడదు. ఊరికే వినాలి." పీసీలోని ఫ్లాపీ చిప్ హెడ్‌కు వినపడ్డదాన్ని అప్పటికప్పుడే సున్నలుగా, ఒకట్లుగా తీర్పు చెప్పేస్తుంది. అర్థం కాకపోతే చేతులెత్తేస్తుంది. అందుకని ఆ చిప్‌ను పక్కన పెట్టేస్తారు. అరచేతిలో పట్టే ఒక సర్క్యూట్ పలక ఉంది, పేరు గ్రీజ్‌వీజిల్. కీర్ ఫ్రేజర్ అనే ఆయన రూపొందించి, డిజైను అందరికీ ఇచ్చేశాడు. దానికి ఒక వైపు పాత ఫ్లాపీ డ్రైవు, ఇంకో వైపు యూఎస్‌బీ వైరు. అది చేసే పని ఒక్కటే: దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత కాలం గడిచిందో గడియారం చూసి రాసుకోవడం. ఎఫ్‌ఎం అయినా, ఇంకోటైనా, దానికి పట్టింపు లేదు. అర్థం చెప్పడం తర్వాత తీరిగ్గా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. వంద కిలోబైట్ల ఫ్లాపీకి ఇలా రాసిన చిట్టా కొన్ని మెగాబైట్లు అవుతుంది. వినికిడి అంతా పూసగుచ్చినట్టు రాస్తే అంతే మరి.

పలక దొరకడం తేలికే. డ్రైవు దొరకడమే గగనమైంది. అయిదుంపావు అంగుళాల డ్రైవులు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలనే సోనీ కంపెనీ 2011లో ఆపేసింది. చివరికి ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో, తుక్కు కంప్యూటర్ల గుట్టలో ఒకటి కనిపించింది. కిలో లెక్కన తూచి ఇచ్చాడు. దానికి కరెంటు యూఎస్‌బీ నుంచి చాలదు, మోటారుకు 12 వోల్టులు కావాలి. అదే గుట్టలోంచి ఒక పవర్ సప్లై డబ్బా కూడా తూయించుకున్నాం.

ఆ డ్రైవు మా ఫ్లాపీలకు సరిజోడు కాదు. అది 80 వలయాలది, మావి 40. కాబట్టి హెడ్ ఒక్కో అడుగు బదులు రెండేసి అడుగులు వేయాలి. పైగా అది నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది. అంటే పాట కాస్త వేగంగా వినిపిస్తుంది, రికార్డు ప్లేయరు వేగం మారిస్తే గాయకుడి గొంతు కీచుగా వచ్చినట్టు. ఎనిమిది ఉండాల్సిన చోట ఆరున్నర పైచిలుకు వస్తుంది. ఆ నిష్పత్తి సాఫ్ట్‌వేర్‌కు చెబితే సర్దుకుంటుంది. రాయడానికి మాత్రం ఇలాంటి డ్రైవు వాడకూడదు. సన్నటి హెడ్ పాత వెడల్పాటి వలయాన్ని పూర్తిగా చెరపలేక అంచుల్లో పాతది మిగిలిపోతుంది. రాత పొరపాటున కూడా జరక్కుండా తొడుగు అంచున ఉన్న గాటు మీద కాగితం అతికించాం. ఇక్కడొక తమాషా ఉంది. పెద్ద ఫ్లాపీకి ఆ గాటు మూస్తే రక్షణ. మూడున్నర అంగుళాలదానికి ఆ కన్నం తెరిస్తే రక్షణ. ఇలా తిరగేయడం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, రెండూ వాడిన వాళ్లందరికీ ఒకసారైనా దెబ్బ తగిలే ఉంటుంది.

ఇక బూజు. కోస్తాలో వానాకాలం అటక మీద ఆవకాయ జాడీ తప్ప ఏదీ మామూలుగా ఉండదు. ఫ్లాపీ తొడుగులో ఉన్న పొడుగాటి కిటికీలోంచి చూస్తే బిళ్ల మీద తెల్లటి మచ్చలు, చిన్న చిన్న నక్షత్రాల్లాగా. అలాగే డ్రైవులో పెడితే ఆ బూజు హెడ్‌కు అంటుకుని పూతను గీకేస్తుంది. ఆ మురికి హెడ్‌తోనే తర్వాతిది పెడితే అదీ పోతుంది. అంటువ్యాధి లాంటిదే. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు తెచ్చాం. దూది చుట్టిన పుల్లతో, మధ్య కన్నంలో వేలు పెట్టి బిళ్లను కొంచెం కొంచెం తిప్పుతూ, కిటికీలోంచి తుడుచుకుంటూ పోయాం. రెండు వైపులా. ఆరేదాకా ఆగాం. ఒక్కో ఫ్లాపీ చదివాక హెడ్ కూడా తుడిచాం. దూది మీద గోధుమ రంగు కనిపిస్తే గుండె గుభేలుమనేది. అది మురికి కాదు, పూతే ఊడి వస్తోందన్న మాట. అప్పుడిక ఆపేయాలి. ఆ రోజుకు అంతే.

మొదటి ఫ్లాపీ పెట్టేసరికి రాత్రి ఎనిమిదిన్నర. టక్, టక్, టక్ అని హెడ్ ఒక్కో వలయం దాటుతోంది. 35 ఏళ్ల తర్వాత ఆ చప్పుడు వింటే మా బడి గదిలోని సున్నం వాసన వచ్చింది నాకు. చదివినదాన్ని సరిచూసుకోవడానికి ఒక ఏర్పాటు ఉంది. ప్రతి సెక్టారు చివరా రెండు బైట్ల సంఖ్య ఉంటుంది. చిన్నప్పుడు గుణకారం సరిచూసుకోవడానికి తొమ్మిదులు కొట్టేసేవాళ్లం చూడండి, ఆ జాతి లెక్కే, కాకపోతే కాస్త గట్టిది. లెక్క కలిస్తే సెక్టారు సరిగ్గా విన్నట్టు. కలవకపోతే మళ్లీ వినాలి. ఒకోసారి ఏడో చుట్టులో కలుస్తుంది, అంతకుముందు ఆరు చుట్లూ ఎందుకు కలవలేదో ఎవరికీ తెలియదు.

400కు 400 కలిశాయి. దాన్ని ఒక ఫైలుగా చేసి, బీబీసీ మైక్రోలాగా నటించే ప్రోగ్రాములో తెరిస్తే, నల్లటి తెర మీద 31 పేర్లు. వాటిల్లో ఒకటి 'ముగ్గు'. నడిపాం. ఏడు చుక్కల ముగ్గు, చుక్క తర్వాత చుక్క, తెర మీద గీసుకుంటూ పోయింది. గుడ్లగూబ బొమ్మలోని చుక్కలు చూసి, "మాస్టారూ, దీంతో ముగ్గు వేయొచ్చా" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది అప్పట్లో. నాకు వేయడం రాదన్నాను. తనే వేసింది.

పాత కంప్యూటర్ బతికి ఉన్నవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. దాని ఫ్లాపీని దాన్నే చదవమని, వెనకున్న సీరియల్ పోర్టు నుంచి వైరుతో పీసీకి చెప్పించుకోవచ్చు. సెకనుకు 9,600 బిట్ల వేగంతో వంద కిలోబైట్లు పంపడానికి రెండు నిమిషాలు చాలు. ఆపిల్ టూ వాళ్లయితే మరీ చిత్రం, క్యాసెట్ కోసం పెట్టిన కన్నంలోంచి ధ్వని రూపంలోనే పీసీ సౌండ్ కార్డుకు వినిపించుకుంటారు. కాకపోతే ముప్పై ఏళ్లు పడుకున్న యంత్రాన్ని లేపి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. పవర్ సప్లైలోని పాత కెపాసిటర్లు పగిలి ఇల్లంతా పొగవుతుంది.

వినడం అయిపోతే పని అయిపోయినట్టేనా? అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ సంగతి చెబుతాను. 1985లో కమడోర్ కంపెనీ అమిగా అనే కంప్యూటర్ విడుదల చేస్తూ న్యూయార్క్‌లో సభ పెట్టి, ఆయన చేత వేదిక మీదే గాయని డెబ్బీ హ్యారీ బొమ్మ వేయించింది. రెండేళ్లకు ఆయన పోయాడు. ఆయన ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియంకు చేరాయి. కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుడు ఆ సభ వీడియో చూసి, ఆ ఫ్లాపీల్లో ఏముందో చూద్దామని మ్యూజియం వాళ్లను అడిగాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ క్లబ్బు విద్యార్థులు క్రయోఫ్లక్స్ అనే, మా పలక లాంటిదే, ఒక పరికరంతో చదివారు. చదివితే ఫైళ్ల పేర్లు కనిపించాయి. బొమ్మలు మాత్రం తెరుచుకోలేదు. అమిగా అప్పటికింకా పూర్తిగా తయారు కాలేదు, ఆయన వాడిన బొమ్మల సాఫ్ట్‌వేర్ కూడా అంతే, దాని పద్ధతి తర్వాతివాటికి తెలియదు. ఆ విద్యార్థులు ఫైలు కట్టు విప్పి చూసి, ఎలా రాశారో ఊహించి, అర్థం కట్టారు. 2014లో లోకానికి చూపించారు. సూప్ డబ్బా ఉంది, ఆయన మొహం ఉంది, వీనస్‌కు మూడు కళ్లున్న బొమ్మ ఉంది.

మన దగ్గర ఈ రెండో చిక్కు, చదివినదాన్ని అర్థం చేసుకోవడం, ఇంకా గట్టిది. మా ఊళ్లో ఒక ప్రెస్సు మిత్రుడు తొంభైల్లో అచ్చువేసిన పుస్తకాల ఫ్లాపీలు తెచ్చాడు. మూడున్నర అంగుళాలవి, పీసీవే, మొదటి ప్రయత్నంలోనే చదివేసింది. తెరిచి చూస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు కలిపి పిండి కొట్టినట్టు ఉంది. ఆ రోజుల్లో డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచలేదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఒక్కో ముక్కను ఒక్కో ఇంగ్లీషు గుర్తు గదిలో కూర్చోబెట్టారు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా. ఇస్కీ అని 1991లో భారత ప్రమాణాల సంస్థ ఒక ఏకరూప పద్ధతి ఆమోదించింది. యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు చేరిందీ ఆ ఏడాదే. ప్రెస్సులు మాత్రం ఫాంటు అందంగా ఉంటే చాలు అనుకున్నాయి, అచ్చులో పడ్డాక లోపల ఏముంటే ఏం? ఇప్పుడు ఆ ఫాంటు పేరు తెలిస్తే మార్చుకోవచ్చు. తెలియకపోతే ముక్క ముక్కా పోల్చుకుంటూ కూర్చోవాలి. ఫ్లాపీ మీద ఫాంటు పేరు రాసి పెట్టిన వాళ్లను నేనింతవరకు చూడలేదు.

మా పదకొండింటిలో తొమ్మిది పూర్తిగా వచ్చాయి. పదోదాంట్లో మూడు సెక్టార్లు పోయాయి, అందులో ఏముందో నాకు పెద్ద పట్టింపు లేదు, ఎక్కాలు. పదకొండోది 'పాడు చేయకూడదు'. దాని మొదటి వలయం, అంటే ఫైళ్ల పేర్ల పట్టిక ఉండే చోటు, అరిగిపోయి అద్దంలా అవతలికి కనిపిస్తోంది. అన్నిటికంటే ఎక్కువసార్లు డ్రైవులో పెట్టింది దాన్నే మరి. పట్టిక లేకపోయినా మిగతా వలయాల్లో సరుకు ఉంది. బేసిక్ ప్రోగ్రాములో ప్రతి లైనూ 13 అనే బైటుతో మొదలై, వెంటనే లైను నంబరు వస్తుంది. గీత గీయమనే ఆజ్ఞకు గుర్తు 223. ఆ ఆనవాళ్లు పట్టుకుని వెతికితే దొరికింది ఏమిటంటే, పెద్ద మెలికల ముగ్గు. వంపులన్నీ చిన్న చిన్న గీతలుగా, వందల లైన్లు. ఆ అమ్మాయిదే అయి ఉండాలి.

340వ లైను తర్వాత ఒక సెక్టారు లేదు. మళ్లీ 550 నుంచి ఉంది. మధ్యలో ఇరవై లైన్లు పోయాయి. ఆ అమ్మాయికి ఇప్పుడు మనవరాలు ఉంది. ఫోన్ చేసి అడిగితే, "మాస్టారూ, నిన్నటి కూర ఏమిటో నాకు గుర్తులేదు" అని నవ్వింది. సరే, లెక్కల మాస్టారుని కదా. మెలికల ముగ్గు బయల్దేరిన చుక్క దగ్గరికే తిరిగి రావాలి. నాలుగు వైపులా ఒకేలా ఉండాలి. మూడు వైపుల అంకెలు నా దగ్గరున్నాయి కాబట్టి నాలుగో వైపు లెక్కగట్టొచ్చు. గ్రాఫు కాగితం కొనుక్కొచ్చి కూర్చున్నాను. నిన్న రాత్రికి పదిహేడు గీతలు వచ్చాయి. ఇంకా మూడున్నాయి.